కొత్త రీఫ్ ట్యాంకు డైరీ: ఏ ఫిల్టరు ఎప్పుడు ఆన్ చేయాలి

రీఫ్ ట్యాంకు అంటే పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీటి అక్వేరియం. ముందు ట్యాంకు వివరాలు. పైన చేపలూ పగడాలూ ఉండే డిస్‌ప్లే 90 × 50 × 45 సెం.మీ., కింద పరికరాలుండే సంప్ 60 × 40 × 40 సెం.మీ. డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి) 18 కిలోలు, అరగనైట్ ఇసుక 20 కిలోలు. ఇసుక పరిస్తే 3 సెం.మీ. మందం వచ్చింది. నికరంగా పట్టిన నీళ్లు 215 లీటర్లు. ఈ అంకె పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి తీసింది కాదు. నింపేటప్పుడు పోసిన బకెట్లు లెక్కపెట్టి రాసుకున్నది. ఇకమీద అమ్మోనియా నుంచి ఫాస్ఫేటు దాకా ప్రతి మోతాదూ దీని మీదే లెక్క కట్టాలి. ఇక్కడ 15 శాతం తేడా ఉంటే అన్నిచోట్లా అదే తేడా వెంట వస్తుంది.

పెట్టబోయే పరికరాలు: ప్రొటీన్ స్కిమ్మర్ (నురగతో సేంద్రియ వ్యర్థాన్ని ఎత్తేసేది), 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్ (చెత్త వడకట్టే సంచి), కార్బన్‌కి ఒక రియాక్టర్ (గింజల గుండా నీళ్లు నడిపే డబ్బా), జీఎఫ్ఓకి (ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గింజలు) ఇంకొకటి, రిఫ్యూజియం గది (నాచు పెంచే చోటు), దాని లైటు, యూవీ (నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని చంపే దీపం). ఈ డైరీ అంతటా పాటించిన పద్ధతి ఒకటే. పైపులు, వాల్వులు మొదటి రోజే బిగించాలి. కరెంటు మాత్రం నీళ్ల కొలతలు అడిగినప్పుడే ఇవ్వాలి. ఇవన్నీ నీళ్లలోంచి ఏదో ఒకటి తీసేసే పరికరాలు. తీయడానికి ఏమీ లేనప్పుడు నడిపితే ఊరికే ఉండవు, బ్యాక్టీరియాకీ పగడాలకీ కావాల్సిన ఆ కాస్త పోషకాన్నీ లాగేస్తాయి. ఇంకో నియమం: ఒకటి ఆన్ చేశాక రెండు వారాలు ఇంకోదాని జోలికి వెళ్లకూడదు. ఒకేసారి రెండు మొదలుపెడితే, వచ్చిన మార్పు దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

నీళ్లు పోయకముందు: ప్లంబింగ్

సంప్ నీళ్లని డిస్‌ప్లేకి పంపే రిటర్న్ పంపు సంప్ గుండా గంటకి నాలుగు రెట్ల నీళ్లు తిప్పితే చాలు, అంటే 900 లీటర్ల దగ్గర. పంపు డబ్బా మీద రాసే అంకె నీళ్లు పైకి ఎక్కాల్సిన ఎత్తు లేనప్పటిది. ఇక్కడ 1.2 మీటర్ల ఎత్తు ఉంది, మధ్యలో మోచేతి వంపులు ఉన్నాయి, రేపు రియాక్టర్లకీ యూవీకీ ఇందులోంచే వాటా పోవాలి. అందుకే 3000 లీటర్ల రేటింగు ఉన్న డీసీ పంపు పెట్టి వేగం తగ్గించి నడుపుతున్నాం. అసలు ప్రవాహం తెలుసుకోవాలంటే రిటర్న్ నాజిల్ కింద 10 లీటర్ల బకెట్ పట్టి గడియారం చూడాలి. 40 సెకన్లలో నిండితే గంటకి 900 లీటర్లు.

రిటర్న్ లైను మీద మూడు టీలతో మ్యానిఫోల్డ్ కట్టాం, అంటే రియాక్టర్లకీ యూవీకీ నీళ్లు పంచే కొమ్మలు. ఒక్కో టీకి ఒక బాల్ వాల్వు, ఒక యూనియన్ (విప్పి బిగించగల జోడు), చివర మూత. ఈ మూడు కొమ్మలూ ఇప్పుడు ఖాళీ. తర్వాత నీళ్లున్న ట్యాంకులో పైపు కోసి జిగురు పెట్టడం కంటే ఇది చాలా తేలిక. పైగా పీవీసీ జిగురు ఆవిర్లు, దాని ద్రావకాలు నీళ్లలో కలిస్తే స్కిమ్మర్ రోజుల తరబడి పొంగుతుంది.

సంప్‌లో మొదటి గది సాక్‌కి, రెండోది స్కిమ్మర్‌కి, మూడోది రిఫ్యూజియంకి, చివరిది పంపుకి. స్కిమ్మర్ గదిలో నీటిమట్టం 22 సెం.మీ. దగ్గర నిలిచేలా అడ్డుగోడ ఎత్తు పెట్టాం. స్కిమ్మర్ తయారీదారు ఇచ్చే లోతు చూశాకే ఈ గోడ అతికించాలి; అతికించాక సర్దుబాటు అంటే స్కిమ్మర్ కింద స్టాండ్ పెట్టి ఎత్తడం ఒక్కటే మిగులుతుంది.

కరెంటు పోతే ఎన్ని నీళ్లు కిందికి దిగుతాయో కూడా ఈ దశలోనే చూడాలి. రిటర్న్ నాజిల్ నీటిమట్టానికి 2 సెం.మీ. లోపల ఉంటే 90 × 50 × 2, అంటే 9 లీటర్లు వెనక్కి వస్తాయి. పైపుల్లో, ఓవర్‌ఫ్లో పెట్టెలో (డిస్‌ప్లే నీళ్లు సంప్‌కి దిగే పెట్టె) ఉన్నది అదనం. నాజిల్‌ని 8 సెం.మీ. లోతుకి దించితే అదే 36 లీటర్లు అవుతుంది, ఆ అదనం కూడా కలిస్తే ఈ సంప్ పొర్లిపోవచ్చు. ఇలా నీళ్లు వెనక్కి లాగే సైఫన్ తెగడానికి పైపుకి చిన్న రంధ్రం పెట్టే అలవాటు ఉంది, కానీ దాన్ని నమ్ముకోకూడదు. నాచో, నత్తో ఏదో ఒక రోజు దాన్ని మూసేస్తుంది.

1వ వారం: నీళ్లు, ఉప్పు, ఇసుక దుమ్ము

ఆర్వో డీఐ నీళ్లు (రివర్స్ ఆస్మాసిస్, ఆపైన రెజిన్ గుండా శుద్ధి చేసినవి), టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 0. లీటరుకి 38 గ్రాముల లెక్కన 8 కిలోలు దాటి ఉప్పు పట్టింది. బ్రాండుని బట్టి ఇది కొద్దిగా మారుతుంది కాబట్టి చివరి అరకిలో కొలుస్తూ వేశాం. లక్ష్యం 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుని మంచినీళ్లతో సున్నా చేసి వదిలేయకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూడాలి. సున్నా దగ్గర కరెక్టుగా చూపించే పరికరం 35 దగ్గర రెండు మూడు పీపీటీ తప్పు చూపించడం మామూలే.

ఈ వారం ఆన్ అయినవి: రిటర్న్ పంపు, రెండు వేవ్‌మేకర్లు (ట్యాంకులో నీళ్లు కదిలించే పంపులు, కలిపి గంటకి 5000 లీటర్లు), 100 వాట్ల హీటర్లు రెండు, ఏటీఓ (ఆవిరైనంత మంచినీళ్లు తనంతట తానే పోసే పరికరం). ఒక్క 200 వాట్ల హీటరు బదులు రెండు ఎందుకంటే, హీటరు పాడయ్యేది ఎక్కువగా ఆన్‌లోనే ఇరుక్కుపోయి. 100 వాట్లది ఇరుక్కుంటే నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి, ఈలోపు గమనించే వ్యవధి దొరుకుతుంది. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు.

ఏటీఓని ఫిల్టరుగా ఎవరూ లెక్కపెట్టరు, కానీ మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. ఈ ట్యాంకు రోజుకి 2 లీటర్ల పైచిలుకు ఆవిరవుతుంది. అంటే రోజుకి 1 శాతం. పోయకుండా వదిలేస్తే 35 ఉన్నది మర్నాటికి 35.35. ఆవిరైన నీళ్లు తగ్గేది పంపు గదిలోనే. సంప్ గోడ సరిగ్గా లేకపోతే స్కిమ్మర్ గదిలోనూ తగ్గుతుంది, అప్పుడు స్కిమ్మర్ నురగ రోజుకో తీరుగా ఉంటుంది.

సాక్‌ని మొదటి మూడు రోజులే వాడాం. ఇసుక దుమ్ము పట్టుకోవడం తప్ప దానికి ఇప్పుడు ఇంకో పని లేదు. రోజూ తీసి, ఉతికి, మళ్లీ పెట్టడం. నీళ్లు తేటపడ్డాక తీసేశాం. లైట్లు పూర్తిగా ఆఫ్. పగడాలు లేని ట్యాంకులో లైటు వేస్తే పాచికి తప్ప ఎవరికీ మేలు లేదు.

1వ వారం చివర: అమ్మోనియా

అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ముందు ట్యాంకులో పాతుకోవాలి. సైకిల్ అనేది దీన్నే. వాటికి మేతగా వేసింది అమ్మోనియం క్లోరైడ్, 2 పీపీఎమ్ లక్ష్యంగా. లెక్క ఇది: లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున 215 లీటర్లకి 430 మిల్లీగ్రాముల అమ్మోనియా కావాలి. అమ్మోనియం క్లోరైడ్‌లో అమ్మోనియా వాటా మూడో వంతు కంటే కాస్త తక్కువ, కాబట్టి 3.14తో గుణిస్తే 1.35 గ్రాములు. అర లీటరు ఆర్వో నీళ్లలో కరిగించి వేవ్‌మేకర్ ముందు పోశాం. టెస్ట్ కిట్ అమ్మోనియాని చూపిస్తుందా, అమ్మోనియాలోని నైట్రోజన్‌ని చూపిస్తుందా అన్నది దాని కాగితం మీద చూసుకోవాలి. నైట్రోజన్‌గా చూపించే కిట్‌లో 2 అంటే అమ్మోనియాగా 2.4. మోతాదు ఎక్కువో తక్కువో పడిందని కంగారుపడేవాళ్లలో చాలామంది తేడా ఇక్కడే ఉంటుంది.

మర్నాడు సీసా బ్యాక్టీరియా. ఇది పోసేటప్పుడు సాక్ తీసి ఉండాలి, స్కిమ్మర్, యూవీ ఆఫ్‌లో ఉండాలి. రాయి మీద, ఇసుక మీద అతుక్కున్న బ్యాక్టీరియాని యూవీ ఏమీ చేయలేదు. కానీ ఇంకా అతుక్కోకుండా నీళ్లలో తేలుతున్నవాటిని చంపుతుంది, స్కిమ్మర్ నురగతోపాటు కప్పులోకి ఎత్తేస్తుంది.

ఈ దశలో అసలు కొరత ఆక్సిజన్‌ది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ పూర్తిగా నైట్రేట్ కావడానికి 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. మనం వేసిన 2 పీపీఎమ్‌లో నైట్రోజన్ 1.65, అంటే లీటరుకి 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్. ఈ వేడిలో ఉప్పునీళ్లు పట్టుకోగలిగేదే లీటరుకి 6.7 దగ్గర. నీళ్లలో ఉన్న మొత్తం ఆక్సిజన్ కంటే ఎక్కువ గాలి నుంచి కొత్తగా రావాలన్నమాట. అందుకే ఒక వేవ్‌మేకర్‌ని ఉపరితలం వైపు తిప్పి, నీళ్లు చెదిరేలా పెట్టాం. స్కిమ్మర్ లేకపోయినా ఇది సరిపోతుంది. అద్దంలా నిశ్చలంగా ఉన్న ఉపరితలం సరిపోదు.

ఒక మినహాయింపు. డ్రై రాక్ కాకుండా సముద్రంలోంచి తెచ్చిన తడి లైవ్ రాక్ పెట్టేవాళ్లు ఈ క్రమం పాటించకూడదు. ఆ రాళ్ల మీద చచ్చిన స్పాంజీలు, పురుగులు కుళ్లి నీళ్లు చెడతాయి. వాళ్లు స్కిమ్మర్‌ని మొదటి గంట నుంచే నడపాలి, విడిగా అమ్మోనియా వేయనే కూడదు.

3వ వారం: సైకిల్ ముగింపు

రెండో వారంలో అమ్మోనియా 0.5కి దిగింది, నైట్రైట్ కిట్ కొలవగలిగే హద్దు దాటింది. ఆ రోజుల్లో నైట్రేట్ కొలిచి 50, 80 అని చూసి బెదరక్కర్లేదు. చాలా కిట్లు నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చి రంగు తెప్పిస్తాయి, కాబట్టి నీళ్లలో ముందే ఉన్న నైట్రైట్ ఆ రంగుని ఎన్నో రెట్లు పెంచేస్తుంది. నైట్రైట్ దిగాకే నైట్రేట్ కొలత నమ్మాలి. ఉప్పునీళ్లలో క్లోరైడ్ దండిగా ఉంటుంది కాబట్టి చేపలకి నైట్రైట్ మంచినీళ్ల ట్యాంకులో ఉన్నంత ప్రమాదం కాదు. అది పూర్తిగా సున్నా కావాలని వారాలు ఆగక్కర్లేదు.

అమ్మోనియా సున్నాకి రాగానే ఇంకో 1.35 గ్రాములు. ఈసారి 24 గంటల్లో కనబడకుండా పోయింది. సైకిల్ అయిందనడానికి ఇదే పరీక్ష. క్యాలెండరు కాదు.

రెండు మోతాదుల తర్వాత నైట్రేట్ ఎంత ఉండాలో ముందే లెక్క కట్టవచ్చు. ఒక్కో 2 పీపీఎమ్ అమ్మోనియా 7.3 పీపీఎమ్ నైట్రేట్ అవుతుంది, కాబట్టి 14.6. కిట్ చూపించింది 14. ఆల్కలినిటీ (నీళ్లలోని క్షార నిల్వ, డీకేహెచ్‌లో కొలుస్తారు) కూడా లెక్క ప్రకారమే పడింది: ఒక్కో మోతాదుకి 0.66 డీకేహెచ్ తగ్గుతుంది, 8.4 ఉన్నది 7.1 అయింది. సోడియం బైకార్బనేట్ 6.5 గ్రాములు ఈ ట్యాంకులో 1 డీకేహెచ్ పెంచుతుంది. ఎనిమిదిన్నర గ్రాములు రెండు రోజులకి పంచి వేశాం.

తర్వాత నాలుగో వంతు నీళ్లు మార్చాం. నైట్రేట్ 11 దగ్గర ఆగింది. దీన్ని సున్నా చేయడానికి సగానికి పైగా నీళ్లు మార్చేయడం కొందరి అలవాటు. మా ఉద్దేశంలో అది పనికిమాలిన ఖర్చు, పైగా రాబోయే వారాల్లో తిరిగి నైట్రేట్ కొని పోసుకునే పరిస్థితి తెస్తుంది.

4వ వారం: మొదటి చేపలు, స్కిమ్మర్

విడి ట్యాంకులో క్వారంటైన్ పూర్తయిన క్లౌన్ చేపలు రెండు దిగాయి. అదే రోజు స్కిమ్మర్ ఆన్. రెండు చేపల వ్యర్థానికి స్కిమ్మర్ అవసరమా అంటే, నిజానికి లేదు. కానీ రాత్రిళ్లు ఆక్సిజన్ నిలబెట్టేది అదే. చేప ఏదైనా రాళ్ల వెనక చచ్చి కుళ్లితే మొదట ఆదుకునేదీ అదే. ఇంకో కారణం: కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి టైం పడుతుంది. అవసరం ముంచుకొచ్చాక మొదలుపెడితే ఆ వారం రెండు వారాలు దాని మీద ఆధారపడలేం.

కుదురుకోవడం అంటే ఏమిటి? అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్ మీద నూనె పొర ఉంటుంది. నురగ నిలబడాలంటే నీళ్లలోని సేంద్రియ పదార్థం బుడగల మీద అంటుకోవాలి. నూనె ఆ పొరని చెడగొడుతుంది. అందుకే మొదటి రోజుల్లో స్కిమ్మర్ అయితే అసలు నురగ లేకుండా, లేదంటే కప్పు నిండిపోయేలా నడుస్తుంది. ముందు గోరువెచ్చటి నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి గంటసేపు నడిపించి కడిగితే ఈ దశ సగానికి తగ్గుతుంది.

సర్దుబాటు ఇలా: గాలి వాల్వు పూర్తిగా తెరవాలి. నీళ్లు బయటికి వెళ్లే వాల్వు కూడా పూర్తిగా తెరవాలి, అప్పుడు లోపలి మట్టం కిందికి ఉంటుంది. ఒక రోజంతా అలా వదిలి, తర్వాత బయటి వాల్వుని కొద్దికొద్దిగా బిగిస్తూ బుడగలూ నురగా కలిసే గీత మెడ అడుగు భాగానికి వచ్చేలా తేవాలి. ఒకసారి తిప్పాక మర్నాటిదాకా ముట్టుకోకూడదు. గంటకోసారి తిప్పితే ఎప్పటికీ కుదరదు.

పెద్ద స్కిమ్మర్ కొంటే మంచిదన్న మాట సగమే నిజం. 800 లీటర్లకి రాసిన స్కిమ్మర్‌ని రెండు చేపలున్న 215 లీటర్ల ట్యాంకుకి పెడితే దాని వెడల్పాటి మెడలో నురగ పైదాకా ఎక్కడానికి సరిపడా సేంద్రియ పదార్థమే ఉండదు. కప్పు వారాల తరబడి ఖాళీ. దీనికి పెట్టింది 300 లీటర్ల రేటింగుది.

పొంగు గురించి. చేతికి క్రీము, సబ్బు ఉండి ట్యాంకులో పెట్టినా, పగడాలు అతికించే ఎపాక్సీ పుట్టీ వాడినా, అమైనో యాసిడ్లు పోసినా కొన్ని గంటలు పొంగుతుంది. దానికి వాల్వులు తిప్పనక్కర్లేదు, కప్పు తీసి ఆగితే చాలు. కరెంటు పోయి వచ్చినప్పుడు పొంగడం వేరే సంగతి. డిస్‌ప్లే నుంచి దిగిన నీళ్లతో సంప్ మట్టం పెరిగి ఉంటుంది, స్కిమ్మర్ ఆ ఎత్తులో మొదలవుతుంది. స్కిమ్మర్‌ని పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యే ప్లగ్‌లో పెడితే ఆ బాధ పోతుంది.

మెడలో జిడ్డు పేరుకుంటే నురగ ఎక్కదు. మూడు రోజులకోసారి కప్పు, మెడ తుడవాలి. గాలి గొట్టం చివర ఉప్పు గడ్డకట్టి గాలి తగ్గుతుంది. నెలకోసారి గోరువెచ్చటి ఆర్వో నీళ్లు ఒక గ్లాసు ఆ గొట్టంతో పీల్పించాలి.

6వ వారం: గోధుమరంగు

లైట్లు రోజుకి 6 గంటలు మొదలయ్యాక ఇసుక మీద గోధుమరంగు పొర. వేలితో గీస్తే పొడిలా లేస్తోంది: డయాటమ్‌లు, అంటే ఒక రకం సూక్ష్మ పాచి. వీటికి సిలికేట్ కావాలి, కొత్త ఇసుక, కొత్త రాయి దాన్ని వదులుతాయి. జీఎఫ్ఓ సిలికేట్‌ని కూడా పట్టుకుంటుంది కాబట్టి ఇక్కడే చాలామంది దాన్ని ఆన్ చేసేస్తారు. అది చేయలేదు. ఫాస్ఫేట్ 0.02 ఉన్న నీళ్లలో జీఎఫ్ఓ పెడితే సిలికేట్‌తోపాటు ఆ 0.02 కూడా పోతుంది.

బదులు చూసింది ఆర్వో డీఐ రెజిన్. రెజిన్ అయిపోవస్తున్నప్పుడు ముందుగా జారిపోయేది సిలికానే, టీడీఎస్ మీటరు ఇంకా 0 చూపిస్తుండగానే. మీటరు 1 చూపించేదాకా ఆగకుండా మార్చడం మేలు. ట్రోకస్ నత్తలు అయిదు వేశాం. పది రోజుల్లో పొర పలచబడింది.

8వ వారం: ఫాస్ఫేట్ సున్నా

నైట్రేట్ 3, ఫాస్ఫేట్ 0.00. డ్రై రాక్ ట్యాంకుల్లో ఈ మలుపు తరచూ వస్తుంది. కాల్షియం కార్బనేట్ రాయి ఫాస్ఫేట్‌ని తన ఉపరితలం మీద పట్టుకుంటుంది. మనం వేసే కాస్త మేతలోది అటే పోతుంది. చూడటానికి నీళ్లు పరిశుభ్రంగా ఉన్నాయి, కానీ ఇదే డైనోఫ్లాజెల్లేట్లకి (డైనోలు అనే ఏకకణ జీవులు, ట్యాంకుకి పెద్ద బెడద) తలుపు తీసేది. రాళ్ల మీద చోటు కోసం పోటీపడే పాచి, బ్యాక్టీరియా ఆకలికి వెనకపడగానే అవి ఆక్రమించేస్తాయి.

ఆ రోజు చేసినవి: స్కిమ్మర్ పగలు ఆఫ్, రాత్రి మాత్రమే ఆన్. మేత రెట్టింపు. మోనోసోడియం ఫాస్ఫేట్ 1 గ్రాము లీటరు ఆర్వో నీళ్లలో కలిపిన ద్రావణం నుంచి 13.6 మి.లీ. ఇది 215 లీటర్లలో 0.05 పీపీఎమ్ పెంచాలి. మర్నాడు కొలిస్తే 0.01. మిగతాది రాయి తీసుకుంది. మళ్లీ అంతే మోతాదు. ఇలా రోజూ కొలిచి, రోజూ వేయగా వారం చివరికి 0.04 దగ్గర నిలబడింది. రాయి దాహం తీరేదాకా ఇదంతే. ఒక్కసారిగా పది రెట్లు పోయడం వల్ల ప్రయోజనం లేదు. నైట్రేట్‌కి సోడియం నైట్రేట్ 1.5 గ్రాములు వేస్తే 5 పీపీఎమ్ పెరుగుతుంది, ఒక్కసారి వేశాం.

గోధుమరంగుది డయాటమా, డైనోనా అని అనుమానం వస్తే ఒక చిన్న పరీక్ష. కాస్త పీల్చి గాజు సీసాలో తీసుకుని బాగా కుదిపి, కాఫీ వడపోత కాగితం గుండా వడకట్టి, ఆ నీళ్లని లైటు కింద గంటసేపు పెట్టాలి. విడిపోయినవి మళ్లీ జిగురు తీగల్లా కూడుకుంటే డైనోలు. డయాటమ్‌లు అలా కూడుకోవు. ట్యాంకులోనైతే గాలి బుడగలు అంటిపెట్టుకున్న చీమిడి తీగలు, రాత్రికి తగ్గి మధ్యాహ్నానికి మళ్లీ రావడం డైనోల గుర్తు.

10వ వారం: పగడాలు, కార్బన్

లెదర్ పగడం, జోవాంథిడ్‌లు (ఇవి మెత్తటివి), ఒక యూఫీలియా (ఇది రాతి పగడం) దిగాయి. కార్బన్‌కి ఇప్పుడు పని వచ్చింది. లెదర్ పగడాలు పక్కవాటిని అణచడానికి నీళ్లలోకి టెర్పీన్‌లు అనే రసాయనాలు వదులుతాయి. పెట్టిన కొత్తలో పొర కూడా విడుస్తాయి. మెత్తటి పగడాలూ రాతి పగడాలూ ఒకే నీళ్లలో ఉంటే కార్బన్ తప్పనిసరి అనే అంటాం.

మోతాదు 25 గ్రాములతో మొదలు, రెండు వారాల తర్వాత 50. ఒక్కసారిగా ఎక్కువ పెడితే నీళ్లలోని పసుపు ఛాయ ఒక్క రోజులో పోతుంది, లైటు అదే అయినా పగడాలకి చేరే వెలుగు పెరుగుతుంది, తెల్లబడతాయి. పసుపు ఛాయ ఉందో లేదో చూడాలంటే తెల్లటి బకెట్లు రెండు తీసుకుని ట్యాంకు నీళ్లు ఒకదాంట్లో, కొత్త ఉప్పునీళ్లు ఇంకోదాంట్లో పోసి పక్కపక్కన పెట్టాలి.

కార్బన్‌ని ఆర్వో నీళ్లతో నల్లటి నీళ్లు రావడం ఆగేదాకా కడగాలి. రియాక్టర్‌లో స్పాంజీల మధ్య కదలకుండా బిగించాలి. గింజలు దొర్లితే ఒకదానికొకటి రాసుకుని పొడి అవుతాయి, ఆ పొడి ట్యాంకులోకి వెళ్తుంది. ప్రవాహం గంటకి 200 లీటర్లు చాలు. మార్చేది నాలుగు వారాలకి.

4వ నెల: రిఫ్యూజియం

చేపలు అయిదయ్యాయి, మేత పెరిగింది. నైట్రేట్ 14, ఫాస్ఫేట్ 0.12, మూడు వారాలుగా మెల్లగా ఎక్కుతూనే ఉన్నాయి. ఒక్క రోజు కొలత చూసి కాదు, ఈ వరస చూసి రిఫ్యూజియం లైటు వేశాం. కీటోమార్ఫా అనే నాచు గుప్పెడు, 150 గ్రాముల దాకా. దీన్ని రెండో నెలలో పెట్టి ఉంటే తినడానికి ఏమీ లేక తెల్లబడి చచ్చి, తనలో ఉన్నది నీళ్లలోకే వదిలేది.

జీఎఫ్ఓ కంటే ఇది ముందు ఎందుకు? నాచు నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ కలిపి, మెల్లగా తీస్తుంది. జీఎఫ్ఓ ఫాస్ఫేట్‌ని మాత్రమే, త్వరగా తీస్తుంది. లైటు డిస్‌ప్లేకి ఎదురు వేళల్లో, రాత్రి 10 గంటలు. దానివల్ల తెల్లవారుజామున పడిపోయే పీహెచ్ కూడా కాస్త నిలబడుతుంది. నాచు బంతి గదంతా నిండితే మూడో వంతు తీసి పారేయాలి. తీయకపోతే లోపలి భాగానికి వెలుగు అందక కుళ్లుతుంది. పెరుగుదల ఆగిపోతే ముందు నైట్రేట్ చూడాలి, అది బాగానే ఉంటే ఇనుము తక్కువై ఉండొచ్చు.

5వ నెల: జీఎఫ్ఓ

నైట్రేట్ 7కి దిగింది, ఫాస్ఫేట్ మాత్రం 0.18. ఈ రెండూ విడిపోయినప్పుడే జీఎఫ్ఓ అవసరం. పూర్తి మోతాదు లీటరుకి 1 గ్రాము అంటారు, ఇక్కడ 215 గ్రాములు. మొదలుపెట్టింది 50. ఫాస్ఫేట్ ఒక్కసారి పడిపోతే పగడాల కణజాలం ఊడిపోవడం, ముఖ్యంగా ఆక్రోపోరా అనే రాతి పగడాల్లో, ఈ పొడితోనే ఎక్కువ జరుగుతుంది. నాలుగైదు రోజులకి 0.03 మించి పడకూడదని హద్దు పెట్టుకున్నాం. మొదటి రోజుల్లో ఆల్కలినిటీ కూడా కాస్త తగ్గుతుంది, అది కొలుస్తూ ఉండాలి.

కడిగినప్పుడు ఎర్రటి నీళ్లు వస్తాయి. తేట అయ్యాకే రియాక్టర్‌లో పెట్టాలి. పై పొర మాత్రం కొద్దిగా కదిలేంత ప్రవాహం చాలు, గింజలన్నీ దొర్లితే ఇది కార్బన్ కంటే త్వరగా నలుగుతుంది. అయిపోయిందని ఎలా తెలుస్తుంది? రియాక్టర్‌లోంచి బయటికొచ్చే నీళ్లలో ఫాస్ఫేట్ కొలవాలి. ట్యాంకు నీళ్లతో సమానమైతే గింజలు నిండిపోయినట్టు. మూడు వారాలకి 0.08. దాన్ని ఇంకా దించే ఉద్దేశం లేదు, గింజలు తీసేసి రియాక్టర్ ఖాళీగా ఉంచాం.

6వ నెల: సాక్, యూవీ

సాక్ తిరిగి వచ్చింది. చేపలు ఎక్కువై నీళ్లలో తేలే చెత్త కంటికి కనబడుతోంది. మూడు రోజులకోసారి మార్చగలిగితేనే పెట్టాలి. వారాల తరబడి వదిలేస్తే అందులో చిక్కిన మేత అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతుంది, నీళ్లు దాని పైనుంచి పొర్లిపోతాయి. మార్చే ఓపిక లేనివాళ్లు సాక్ అసలు లేకుండా స్కిమ్మర్‌కి వదిలేయడమే మంచిది.

యూవీ ఇంకా పెట్టెలోనే ఉంది. డైనోలు రాలేదు, చేపలు క్వారంటైన్ నుంచి వచ్చాయి, కాబట్టి దానికి పని లేదు. ఒకవేళ డైనోలు వస్తే ముందు మైక్రోస్కోప్‌లో జాతి చూడాలి. ఆస్ట్రియోప్సిస్ రాత్రిళ్లు రాళ్లు వదిలి నీళ్లలోకి లేస్తుంది, యూవీకి దొరుకుతుంది. ఆంఫిడీనియం ఇసుకలోనే ఉండిపోతుంది, దాని మీద యూవీ దండగ. పెట్టాల్సి వస్తే ఈ ట్యాంకుకి 18 వాట్లు, గంటకి 500 లీటర్ల దగ్గర. అంటే ఒక లీటరు మగ్గు ఏడు సెకన్లలో నిండాలి. లైటు వేడికి నీళ్లు కాస్త వెచ్చబడతాయి, హీటరు సెట్టింగు చూసుకోవాలి. దీపం ఏడాది లోపు మార్చాలి. వెలుగుతున్నట్టే కనబడుతుంది కానీ చంపే కిరణాలు తగ్గిపోతాయి.

యూవీ కొమ్మ నెలలుగా మూసి ఉంది. అలాంటి పైపులో నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి, కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మూత విప్పి, కింద బకెట్ పెట్టి, వాల్వు తెరిచి ముందు లీటరు నీళ్లు పారబోయాలి. యూవీ బిగించడం ఆ తర్వాతే. వాడినా వాడకపోయినా నెలకోసారి ఇలా చేస్తే బాల్ వాల్వు కూడా ఉప్పుకి బిగుసుకుపోకుండా తిరుగుతుంది.